రెండే ఆల్బమ్‌లు, తరగని అభిమానం: ఎమీ వైన్‌హౌస్ జ్ఞాపకం ఎవరి చేతిలో ఉంది?

ఉత్తర లండన్‌లో కామ్డెన్ స్క్వేర్ అని ఓ చిన్న నివాస ప్రాంతం ఉంది. నడుమ తోట, చుట్టూ పాతకాలపు ఇళ్లు. 2011 జులై 23న అక్కడి 30వ నంబరు ఇంట్లో బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ చనిపోయింది. వార్త తెలిసిన కొన్ని గంటల్లోనే ఇంటి ఎదుట పూలు పోగుపడ్డాయి. తర్వాతి రోజుల్లో ఉత్తరాలు, చేత్తో గీసిన బొమ్మలు, కొవ్వొత్తులు వచ్చి చేరాయి. వాటి మధ్యే వోడ్కా సీసాలు, వైన్ గ్లాసులు, సిగరెట్ పెట్టెలు కూడా. మరణ కారణం అప్పటికి అధికారికంగా తేలలేదు. అయినా ఆమె తాగుడు సంగతి తెలియని వాళ్లెవరూ అక్కడికి వచ్చి ఉండరు. తెలిసీ ఆ సీసాలు పెట్టారు.

దీన్ని మొరటుతనం అని కొట్టిపారేయడం తేలిక. కానీ అప్పుడు అభిమానుల దగ్గర ఉన్న ఎమీ బొమ్మే అది. నల్లటి ఐలైనర్, నెత్తిన గోపురంలా ఎత్తిన జుట్టు, చేతిలో గ్లాసు. చివరి నాలుగైదేళ్లలో ఆమె గురించి ప్రపంచానికి చేరిన సమాచారంలో పాటల వాటా కొంచెమే, తూలుతూ నడిచిన ఫొటోల వాటా చాలా ఎక్కువ. ఆమె పోయిన నాటి నుంచి అభిమానులు చేస్తూ వచ్చిన పని ఈ తూకాన్ని తిరగెయ్యడం. ఆ పనిలో వాళ్లు చాలావరకు నెగ్గారు. అందుకు వాళ్ల ప్రేమ ఒక్కటే కారణం కాదు. ఆమె మిగిల్చిన సంగీతం అతి తక్కువ కావడం కూడా అంతే ముఖ్యమైన కారణం.

ఆమె బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు రెండే: 2003లో 'ఫ్రాంక్', 2006లో 'బ్యాక్ టు బ్లాక్'. రెండూ కలిపి వింటే సుమారు గంటన్నర. ముప్పై, నలభై ఆల్బమ్‌లు చేసిన గాయని విషయంలో అభిమానులు కొత్తవి వెతుక్కుంటూ పోవచ్చు. ఎమీ విషయంలో ఆ వీలు లేదు. ఉన్న పాటలనే పదే పదే వినాలి, ఒకే పాటకు ఉన్న వేర్వేరు కచేరీ రికార్డింగులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి, ఏ మాట దగ్గర గొంతు ఎలా తిరిగిందో గమనించాలి. ఇలా విన్నవాళ్లకు పత్రికల్లోని మనిషి కంటే పాడుతున్న మనిషి దగ్గరవుతుంది. ఇది ఎవరూ పథకం వేసి చేసింది కాదు, గత్యంతరం లేక జరిగింది.

ఎమీ 1983 సెప్టెంబర్ 14న పుట్టింది. ఉత్తర లండన్‌లోని సౌత్‌గేట్‌లో, ఒక యూదు కుటుంబంలో పెరిగింది. తండ్రి మిచ్ తర్వాతి కాలంలో లండన్ టాక్సీ నడిపాడు, తల్లి జానిస్ ఫార్మసిస్ట్. నాయనమ్మ సింథియా గాయని, ఎమీకి ప్రాణం. ఇంట్లో ఫ్రాంక్ సినాట్రా, సారా వాన్, డైనా వాషింగ్టన్ పాటలు మోగుతుండేవి. టీనేజ్‌లోనే ఆమె నేషనల్ యూత్ జాజ్ ఆర్కెస్ట్రాతో పాడింది. సిల్వియా యంగ్ థియేటర్ స్కూల్‌లో సీటు కోసం చిన్నప్పుడు ఆమె రాసిన పేజీ ఒకటి తర్వాత బయటికొచ్చింది. తన గొంతు విని జనం ఓ ఐదు నిమిషాలు కష్టాలు మరిచిపోవాలని అందులో రాసుకుంది. 2013లో కామ్డెన్‌లోని యూదు మ్యూజియంలో ఆమె అన్న అలెక్స్ సాయంతో ఒక ప్రదర్శన పెట్టినప్పుడు అభిమానులు ఎక్కువసేపు ఆగి చదివింది ఇలాంటి కాగితాలనే అంటే నమ్మొచ్చు. స్టార్ అయ్యాక వేసుకున్న గౌనులో దొరకనిది ఈ కాగితంలో దొరుకుతుంది.

'ఫ్రాంక్' వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. అది ప్రధానంగా జాజ్, కాస్త హిప్‌హాప్ కలిసిన ఆల్బమ్. అందులోని 'స్ట్రాంగర్ దాన్ మీ' పాటకు 2004లో ఐవర్ నొవెల్లో అవార్డు వచ్చింది. ఇది పాటల రచనకు బ్రిటన్‌లో ఇచ్చే పెద్ద గౌరవం. ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలోనూ ఆల్బమ్ చేరింది. అంటే కుంభకోణాల కన్నా, పెద్ద హిట్ కన్నా ముందే ఆమెను రచయిత్రిగా గుర్తించారు. ఈ వరస చాలామందికి గుర్తుండదు. పాత అభిమానులు 'ఫ్రాంక్' గురించి పట్టుబట్టి మాట్లాడేది అందుకే.

'బ్యాక్ టు బ్లాక్' దారి వేరు. సోల్ సంగీతం అమెరికాలో నల్లజాతి చర్చిల గాస్పెల్ గానం, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి 1950లలో రూపం కట్టింది. రే చార్ల్స్, సామ్ కుక్, అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని నిలబెట్టారు. డెట్రాయిట్‌లో మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీలు ఇంటింటికీ చేర్చాయి. ఎమీ ఈ సంగీతాన్ని, 1960ల నాటి రోనెట్స్, షాంగ్రీ-లాస్ లాంటి అమ్మాయిల బృందాల పాటలను తెగ విని, ఆ పద్ధతిలో తన సొంత తగాదాలను, విడిపోవడాలను రాసింది. ఆల్బమ్‌లో కొంత భాగాన్ని న్యూయార్క్‌లో మార్క్ రాన్సన్, మిగతాది మయామీలో సలామ్ రెమీ నిర్మించారు. రాన్సన్ చేసిన పాటలకు వాయించినది బ్రూక్లిన్‌కు చెందిన డాప్-కింగ్స్ బృందం.

ఆ బృందం అసలు గాయని షారన్ జోన్స్. నల్లజాతి స్త్రీ, వయసులో ఎమీ కంటే చాలా పెద్దది. పాటలతో ఇల్లు గడవక రైకర్స్ ఐలాండ్ జైల్లో గార్డుగా కూడా పనిచేసింది. తన బృందం వాయించిన సంగీతంతో ఒక ఇంగ్లండ్ అమ్మాయి ప్రపంచాన్ని ఊపేసిన తర్వాతే షారన్ పేరు చాలామంది చెవిన పడింది. ఇందులో అన్యాయం ఉందా అంటే ఉంది, అది ఎమీ చేసింది కాకపోయినా. షారన్ 2016 నవంబర్‌లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఎమీ పాటల పుట్టుక వెతుక్కుంటూ పోయిన అభిమానులు తప్పకుండా షారన్ దగ్గర ఆగుతారు, అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళ్తారు.

ఈ వెనక్కి వెళ్లడం ఎలా ఉంటుందో ఒక పాటలో చూడొచ్చు. 'టియర్స్ డ్రై ఆన్ దెయిర్ ఓన్' వింటుంటే కింద నడిచే సంగీతం ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అది 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ కలిసి పాడిన 'ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్'ది. రాసింది యాష్‌ఫర్డ్, సింప్సన్ జంట. ఆ పాత పాట ఒక మాట ఇవ్వడం: ఏ కొండా అడ్డు కాదు, పిలిస్తే చాలు వచ్చి తీరతానని. అదే హుషారైన నడక మీద ఎమీ చెప్పింది వచ్చినవాడు వెళ్లిపోయిన కథ. కన్నీళ్లు వాటంతట అవే ఆరతాయి, తుడిచేవాడు లేడు. సంగీతం ఎగురుతూ ఉంటుంది, మాటలు కిందికి జారుతుంటాయి. మార్విన్ గే పాట తెలిసినవాళ్లకు ఈ ఎత్తిపొడుపు వెంటనే అందుతుంది. తెలియనివాళ్లకు ఇది డాన్స్ పాట. ఇంకో సంగతి, టామీ టెరెల్ కూడా 1970లో 24 ఏళ్లకే మెదడులో కణితితో పోయింది. ఎమీ మొదట ఈ పాటను నెమ్మదిగా, బరువుగా పాడింది. ఆ మొదటి రూపం 2011 డిసెంబర్‌లో వచ్చిన 'లయనెస్' సంకలనంలో ఉంది. రెండూ వరసగా వింటే ఆ బరువును వేగం కింద దాచాక పాటకు ఎంత పదును వచ్చిందో తెలుస్తుంది. నిర్మాతగా సలామ్ రెమీ తెలివి ఇక్కడ కనిపిస్తుంది.

ఆమె గొంతు గురించి పొగడ్తలు బోలెడు. కానీ అసలు విద్య కాలంతో ఆడుకోవడంలో ఉంది. తాళం దెబ్బ పడిన చోట మాట వేయదు. కాస్త ఆగి అందుకుంటుంది, లేదా ముందే తేల్చేసి ఊరుకుంటుంది. ఇది సారా వాన్, డైనా వాషింగ్టన్ లాంటి జాజ్ గాయనుల నుంచి వచ్చిన అలవాటు. 'లవ్ ఈజ్ ఎ లూజింగ్ గేమ్' రెండున్నర నిమిషాల పాట. అందులో పెద్ద గొంతు ఎత్తడాలు లేవు, ఏడుపు లేదు. జూదం భాషలో ప్రేమ ఓటమిని లెక్క చెప్పినట్టు చెబుతుంది. దీనికి 2008లో మరో ఐవర్ నొవెల్లో వచ్చింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్ విద్యార్థుల పరీక్షలో ఈ పాట సాహిత్యాన్ని పాతకాలపు ఇంగ్లిష్ కవి సర్ వాల్టర్ రాలీ కవిత పక్కన పెట్టి ప్రశ్న అడిగింది. పత్రికలు అప్పట్లో దాన్ని వింత వార్తగా వేశాయి. ఇప్పుడు చూస్తే పరీక్ష పేపర్ పెట్టినవాళ్లే ఆమెను సరిగ్గా చదివారనిపిస్తుంది.

2008 ఫిబ్రవరిలో రెండు రోజుల్లో జరిగిన సంఘటనలను అభిమానులు కలిపి గుర్తుచేసుకుంటారు. 9వ తేదీ రాత్రి కామ్డెన్ మార్కెట్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఎమీ తరచూ కూర్చునే హాలీ ఆర్మ్స్ పబ్ కూడా కాలింది. మర్నాడు లాస్ ఏంజిలిస్‌లో గ్రామీ వేడుక. వీసా ఆలస్యం కావడంతో ఆమె వెళ్లలేకపోయింది, లండన్ స్టూడియో నుంచి శాటిలైట్‌లో పాడింది. ఆ రాత్రి ఐదు గ్రామీలు గెలిచింది. బ్రిటన్ నుంచి ఒక్క రాత్రిలో ఐదు గెలిచిన తొలి స్త్రీ ఆమే. 'రికార్డ్ ఆఫ్ ది ఇయర్' ప్రకటించినది ఆమె చిన్నప్పటి నుంచి ఆరాధించిన అమెరికన్ గాయకుడు టోనీ బెనెట్. పేరు వినగానే ఆమె ముఖం కొన్ని క్షణాలు ఏమీ తోచనట్టు ఉండిపోతుంది, తర్వాత అమ్మ వచ్చి వాటేసుకుంటుంది. మాట్లాడేటప్పుడు మాత్రం కామ్డెన్ తగలబడిపోవడం లేదని లండన్ యాసలో గట్టిగా అరిచింది. చేతిలో ఐదు గ్రామీలు, నోట్లో తన పేట. కామ్డెన్ జనం ఆమెను సొంత మనిషిగా చూడటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అదే ఏడాది ఆమెను వెంటాడిన కెమెరాల సంగతి మరో పక్క ఉంది. ఇంటి గుమ్మం దగ్గర పగలూ రాత్రీ ఫొటోగ్రాఫర్లు. 2009లో ఒక ఫొటో ఏజెన్సీ మీద ఆమె వేధింపుల చట్టం కింద కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. టీవీ కమెడియన్లకు ఆమె వ్యసనం రోజువారీ సరుకు అయింది. అభిమానుల జ్ఞాపకంలో ఇబ్బంది పెట్టే భాగం ఇదే. ఆ పత్రికలు కొన్నది ఎవరు? ఆ జోకులకు నవ్వింది ఎవరు? ఆమె పాట నచ్చినవాళ్లే చాలామంది అందులో ఉన్నారు. పాట వినడానికి, పడిపోవడం చూడటానికి ఒకే జనం టికెట్ కొన్నారు.

2011 జూన్ 18న సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఆ వ్యవహారం తారస్థాయికి చేరింది. వేదిక మీద ఆమెకు తన పాటల మాటలే అందలేదు, నిలబడటమే కష్టమైంది. వేలాది మంది ప్రేక్షకులు ఈలలు వేసి, అరిచి గోల చేశారు. ఫోన్లలో తీసిన వీడియోలు తెల్లారేసరికి ప్రపంచమంతా తిరిగాయి. మిగతా యూరప్ కచేరీలు రద్దయ్యాయి. ఐదు వారాలకు ఆమె చనిపోయింది. ఆ వీడియోలను పంచుకోవద్దని అభిమానుల్లో చాలామంది తమకు తాము గీత గీసుకున్నారు. అందరూ పాటించరు గానీ, గీత ఉంది. ఒక మనిషిని ఎలా గుర్తుచేసుకోకూడదో తేల్చుకోవడం కూడా సంతాపంలో భాగమే.

మరణానికి అసలు కారణం తేలడానికి టైం పట్టింది. 2011 అక్టోబర్‌లో విచారణ జరిగింది. దాన్ని నడిపిన అధికారికి తగిన అర్హత లేదని తేలడంతో 2013 జనవరిలో మళ్లీ జరపాల్సి వచ్చింది. రెండుసార్లూ వచ్చిన నిర్ణయం ఒకటే: అతిగా మద్యం తాగడం వల్ల ప్రమాదవశాత్తు మరణం. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 416 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉంది. ఇంగ్లండ్‌లో బండి నడపడానికి అనుమతించే పరిమితి 80. ఒంట్లో చట్టవిరుద్ధమైన డ్రగ్స్ ఆనవాలు లేదు. ఈ చివరి వివరం చాలామంది ఊహలను తలకిందులు చేసింది. ఆమె డ్రగ్స్‌ను అప్పటికి వదిలేసింది. కొన్నాళ్లు మద్యానికి దూరంగా ఉండి మళ్లీ తాగింది. ఇలా ఆపి మళ్లీ అందుకోవడం శరీరానికి ఎంత ప్రమాదమో వ్యసన చికిత్స చేసే డాక్టర్లకు బాగా తెలుసు. మరో విషయం బులీమియా, అంటే అతిగా తిని కక్కేసే తినే రుగ్మత. తన చెల్లెల్ని అంతగా బలహీనపరిచింది అదేనని అలెక్స్ 2013లో బహిరంగంగా చెప్పాడు. అంతవరకూ పత్రికలు ఆమె సన్నబడటాన్ని డ్రగ్స్ ఖాతాలోనే వేశాయి.

ఆమెకు అప్పుడు 27 ఏళ్లు. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్, కర్ట్ కొబేన్ లాంటి రాక్ సంగీత తారలు కూడా ఆ వయసులోనే పోయారు కాబట్టి వెంటనే '27 క్లబ్' అనే ముద్ర పడింది. అదే ఏడాది చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్‌లు చేసిన సంగీతకారుల లెక్కలు తీసి, 27లో ప్రత్యేకంగా మరణాలేమీ పెరగడం లేదని తేల్చింది. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న ప్రసిద్ధులకు మాత్రం మామూలు జనం కంటే ముప్పు ఎక్కువని చెప్పింది. అంటే అంకెలో మహత్తు లేదు, వృత్తిలో ప్రమాదం ఉంది. క్లబ్ అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, జాతకం మీదికి నెపం నెట్టేసి ఆ ప్రమాదం గురించి అడగకుండా చేస్తుంది.

ఇక జ్ఞాపకం ఎవరిదన్న పంచాయితీ. కుటుంబం 2011 సెప్టెంబర్ 14న, ఆమె పుట్టినరోజునే, ఎమీ వైన్‌హౌస్ ఫౌండేషన్ మొదలుపెట్టింది. బడి పిల్లలకు మద్యం, డ్రగ్స్ గురించి చెప్పడం, ఇబ్బందుల్లో ఉన్న యువతకు సంగీతం ద్వారా చేయూత ఇవ్వడం దీని పని. వ్యసనం నుంచి బయటపడుతున్న యువతుల కోసం 'ఎమీస్ ప్లేస్' అనే వసతి గృహం 2016లో తెరిచారు. కామ్డెన్ స్క్వేర్‌లో సీసాలు పెట్టిన అభిమానంలో కొంత భాగం విరాళంగా మారి ఇలాంటి చోటికి చేరింది.

2015లో ఆసిఫ్ కపాడియా తీసిన 'ఎమీ' డాక్యుమెంటరీ వచ్చింది. గుజరాతీ మూలాలున్న లండన్ దర్శకుడాయన. స్నేహితుల దగ్గరున్న ఇంటి వీడియోలు, ఫోన్ సందేశాలు, పాత ఇంటర్వ్యూలు కలిపి కథ చెప్పాడు. మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచింది. తండ్రిని తప్పుపట్టేలా ఉందంటూ కుటుంబం దాన్ని తమది కాదంది. ఎవరి పక్షం సరైనదో బయటివాళ్లు తీర్పు చెప్పలేరు. కానీ ఆ సినిమా చేసిన మేలు ఒకటుంది. పాట వస్తున్నప్పుడు మాటలను తెర మీద రాసి చూపించింది. అంతకుముందు ఊగుతూ వినేసిన జనం మొదటిసారి చదివారు. కీడు కూడా ఒకటుంది. ఆమెను వేధించిన ఫ్లాష్ లైట్లనే, ఆ ఫొటోగ్రాఫర్లు తీసిన దృశ్యాలనే సినిమా మళ్లీ పెద్ద తెర మీద వెలిగించింది. వేధింపును ఖండించడానికి వేధింపు ఫుటేజీయే కావాల్సి రావడం విచిత్రమైన ఇరకాటం. 2024లో వచ్చిన కథాచిత్రం 'బ్యాక్ టు బ్లాక్' గురించి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. ఎమీ పాత్ర వేసిన మారిసా అబెలా కష్టపడి పాడింది, మిగతాది చాలామంది అభిమానులకు రుచించలేదు.

రికార్డు కంపెనీ చేసిన పని గురించి ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. యూనివర్సల్ మ్యూజిక్ యూకే అప్పటి అధిపతి డేవిడ్ జోసెఫ్ 2015లో ఒక సంగతి బయటపెట్టాడు: ఎమీ మూడో ఆల్బమ్ కోసం పాడిపెట్టిన డెమోలను, అంటే తొలి నమూనా రికార్డింగులను, తాను నాశనం చేయించానని. ఎవరో ఒకరు తర్వాతి కాలంలో ఆ గొంతు ముక్కలను తీసుకుని కొత్త పాటలు అతికిస్తారేమోనన్న భయంతో, నైతిక బాధ్యతగా చేశానన్నాడు. అభిమానులు రెండుగా చీలారు. పూర్తికాని పాటలు బయటికి రాకూడదన్నంతవరకూ ఆయనదే న్యాయం. చనిపోయిన గాయకుల అరకొర రికార్డింగులకు డ్రమ్స్ తగిలించి అమ్మిన ఉదాహరణలు సంగీత ప్రపంచంలో తక్కువేం కాదు. కానీ విడుదల చేయకపోవడం వేరు, లేకుండా చేయడం వేరు. తాళం వేసి పెట్టడానికి బీరువాలు ఉన్నాయి. ఒక రచయిత్రి పాట ఎలా మొదలుపెట్టి ఎలా మార్చుకుందో చూపించే ఆధారాలు, రేపటి పరిశోధకులకు కావాల్సినవి, తిరిగి రావు. 'టియర్స్ డ్రై' మొదటి రూపం మిగిలింది కాబట్టే ఆ పాట పెరిగిన తీరు తెలిసింది. మూడో ఆల్బమ్ విషయంలో ఆ అవకాశం పోయింది.

అయినా జోసెఫ్ భయం ఉత్తదేం కాదు. 2018లో ఒక అమెరికన్ కంపెనీ ఎమీ హోలోగ్రామ్‌తో కచేరీల యాత్ర ప్రకటించింది. వెలుతురుతో చేసిన ఎమీ బొమ్మ వేదిక మీద నిలబడితే, వెనక నిజమైన వాద్యకారులు వాయిస్తారట. లాభం ఫౌండేషన్‌కే అన్నారు. అయినా విమర్శలు వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో అది ఆగిపోయింది. బెల్‌గ్రేడ్‌లో నిలబడలేకపోయిన మనిషిని, ఆమె అనుమతి లేకుండా, అలసట తెలియని బొమ్మగా మళ్లీ నిలబెట్టడం అందరికీ మింగుడుపడేది కాదు. కంప్యూటర్‌తో ఎవరి గొంతునైనా తయారుచేయగలిగే ఈ రోజుల్లో ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది.

మార్కెట్ మాత్రం తన దారిన తను పోతుంది. 2021 నవంబర్‌లో ఆమె వస్తువుల వేలం కాలిఫోర్నియాలో జరిగింది. ఫౌండేషన్‌కు కూడా అందులోంచి డబ్బు వెళ్లింది. బెల్‌గ్రేడ్‌లో వేసుకున్న గౌను 2 లక్షల 43 వేల డాలర్లకు పోయింది, అంచనాకు ఎన్నో రెట్లు. ఆమె జీవితంలో అతి చెడ్డ రాత్రి నాటి గౌనుకు అంత రేటు పలికింది.

దీనికి పూర్తి భిన్నమైన రేటు పలికే చోట్లు రెండున్నాయి. ఒకటి కామ్డెన్ మార్కెట్‌లోని కంచు విగ్రహం. స్కాట్ ఈటన్ చెక్కాడు, 2014లో ఆమె పుట్టినరోజున ఆవిష్కరించారు. ఎత్తయిన దిమ్మె లేదు. మామూలు మనిషి ఎత్తులో, నేల మీదే, నడుం మీద చెయ్యి వేసుకుని, జుట్టులో ఎర్ర గులాబీతో నిలబడి ఉంటుంది. జనం పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగుతారు, పూలు పెడతారు. రెండోది లండన్ శివారులోని ఎడ్జ్‌వేర్‌బరీ శ్మశానం. నల్లరాయి మీద గులాబీ రంగు అక్షరాలు. 2006లో పోయిన నాయనమ్మ సింథియా చితాభస్మంతో కలిపి ఎమీది అక్కడ ఉంచారు. యూదుల ఆచారం ప్రకారం వచ్చినవాళ్లు రాతి మీద చిన్న గులకరాళ్లు పెట్టి వెళ్తారు. యూదులు కాని అభిమానులు కూడా ఈ పద్ధతి నేర్చుకున్నారు. వోడ్కా సీసా నుంచి గులకరాయి దాకా వచ్చిన మార్పు చిన్నదేం కాదు.

ఇప్పుడు ఆమెను వినే వాళ్లలో చాలామందికి ఆ ఫొటోలు, ఆ హెడ్‌లైన్లు తెలియవు. వాళ్లు తరచూ 'వాలరీ'తో మొదలుపెడతారు. అది ఆమె రాసింది కాదు, జూటన్స్ అనే లివర్‌పూల్ బ్యాండ్ పాట. మార్క్ రాన్సన్ ఆల్బమ్ కోసం 2007లో పాడింది. బ్రిటన్‌లో పెళ్లిళ్లలో దాన్ని వేయని డీజే ఉండడు. అక్కడి నుంచి కాస్త లోపలికి వెళ్లినవాళ్లను పాత అభిమానులు డింగిల్‌కు పంపిస్తారు. ఐర్లండ్ పడమటి అంచున ఉన్న చిన్న ఊరు. 2006 డిసెంబర్‌లో అక్కడి సెయింట్ జేమ్స్ చర్చిలో, వందకు లోపు మంది ముందు, ఒక గిటార్, ఒక బేస్‌తో ఆమె పాడింది. 'బ్యాక్ టు బ్లాక్' అప్పటికి కొత్తగా వచ్చింది, పేరు ఇంకా పూర్తిగా పాకలేదు. తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలో తాను విన్న గాయనీగాయకుల గురించి తెలివిగా, సరదాగా మాట్లాడింది. బీబీసీ 2012లో దీన్ని డాక్యుమెంటరీగా చూపించింది. ఎమీ గురించి ఒక్కటే చూడాలంటే ఏది చూడాలన్న ప్రశ్నకు ఆస్కార్ సినిమా కంటే ఈ చర్చి రికార్డింగే మెరుగైన జవాబు.

చివరి స్టూడియో రికార్డింగ్ కూడా ఇలాంటిదే. 2011 మార్చిలో అబీ రోడ్ స్టూడియోలో టోనీ బెనెట్‌తో 'బాడీ అండ్ సోల్' పాడింది. బాగా టెన్షన్ పడుతుంటే బెనెట్ డైనా వాషింగ్టన్ పేరెత్తాడు. తనకు ఆవిడ పరిచయమని చెప్పగానే ఎమీ కుదుటపడింది. ఆ పాటకు 2012 ఫిబ్రవరి 12న గ్రామీ వస్తే తల్లిదండ్రులు తీసుకున్నారు. ముందు రోజే విట్నీ హ్యూస్టన్ చనిపోయింది, మూడు వారాల ముందు ఎటా జేమ్స్. ఒక్క ఏడాది లోపు సోల్ గానానికి తగిలిన మూడు దెబ్బలవి.

'రీహాబ్' విషయంలో మాత్రం అభిమానుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. చికిత్సకు వెళ్లమని ఇంట్లోవాళ్లు అంటే తాను వద్దన్నానని న్యూయార్క్ వీధిలో నడుస్తూ ఆమె రాన్సన్‌తో సరదాగా చెప్పిన మాటే ఆ పాట అయింది. బతికుండగా జనం ఆ నిరాకరణను చప్పట్లు కొడుతూ కోరస్‌గా పాడారు. ఇప్పుడు దాన్ని వినలేమని కొందరు పక్కన పెట్టేశారు. పాటను పాటగా చూడాలి, అందులో ఆమె హాస్యం ఉంది, రే చార్ల్స్, డానీ హాథవే పేర్లతో సోల్ గురువులకు దండం ఉంది అని మరికొందరి మాట. రెండో వాదనకే బలం ఎక్కువ. తన జీవితంలోని ఒక గొడవను మూడున్నర నిమిషాల్లో నవ్వొచ్చేలా, నొప్పి తెలిసేలా కట్టిన పనితనాన్ని ఆమె మరణానికి తాకట్టు పెడితే, పత్రికలు చేసిన పనినే మరో రకంగా చేసినట్టవుతుంది. ఆమె బేస్ వాద్యకారుడు డేల్ డేవిస్ నాయకత్వంలో పాత వాద్యకారులు కొందరు 'ది ఎమీ వైన్‌హౌస్ బ్యాండ్' పేరుతో ఇప్పుడు ఊరూరా కచేరీలు చేస్తున్నారు. పాడేది మరో అమ్మాయి. హోలోగ్రామ్ లేదు, ఎమీలా వేషం కట్టి మోసపుచ్చే ప్రయత్నం లేదు. వాళ్ల కచేరీల్లో 'రీహాబ్' ఉంటుంది.